మొదటిసారి విమానం, ఇద్దరు చిన్నపిల్లలు, తోడు అత్తగారు: రాయగడ నుంచి వైజాగ్ మీదుగా హైదరాబాద్

మజ్జిగౌరి_కోడలు (రాయగడ)

అందరికీ నమస్కారం. వచ్చే నెల హైదరాబాద్ మియాపూర్‌లో మా ఆడపడుచు వాళ్ళ గృహప్రవేశం. రైలు టికెట్లు వెయిటింగ్ లిస్టులో కదలకుండా కూర్చున్నాయి. మా ఆయన అక్కడే పనిలో ఉన్నారు, "విమానంలో వచ్చేయండి" అని వైజాగ్ నుంచి రానూపోనూ టికెట్లు తీసేశారు. వెళ్ళేది నేను, మా అత్తయ్య, ఇద్దరు పిల్లలు. పెద్దవాడికి అయిదో ఏడు నడుస్తోంది. చిన్నదానికి ఇంకా రెండేళ్ళు నిండలేదు, ఒడిలో కూర్చోబెట్టుకునే టికెట్ తీశారు. మాలో ఎవ్వరం విమానం మొహం చూడలేదు.

వాడైతే ఇప్పటికే వీధిలో అందరికీ చెప్పేశాడు. నాకే టెన్షన్. విమానం మధ్యాహ్నం రెండున్నరకి. ఆ రోజు పొద్దుటి రైలుకి బయల్దేరితే సరిపోతుందా? చెవులు నొప్పి పెడతాయంటున్నారు, నిజమేనా? ఏమేం కాగితాలు కావాలి? ఏమేం తీసుకెళ్ళనివ్వరు? తెలిసినవాళ్ళు చెప్పండి.

పర్లాకిమిడి_అన్న

చెల్లెమ్మా, విమానం గురించి భయం అక్కర్లేదు. వైజాగ్ నుంచి హైదరాబాద్‌కి గాల్లో ఉండేది గంట పైచిలుకు, అంతే. అసలు ప్రయాణం రాయగడలో మొదలై ఎయిర్‌పోర్టు గుమ్మం దగ్గర అయిపోతుంది. పిల్లలు అలిసేదీ, ఏడ్చేదీ ఆ ముందు భాగంలోనే. విమానంలో ఏడ్చే పిల్లల్ని చూడండి, చాలామంది అప్పటికే ఏడెనిమిది గంటలుగా నిద్రలేనివాళ్ళు.

ముందురోజే వైజాగ్ చేరిపోండి. చుట్టాలుంటే వాళ్ళింట్లో, లేకపోతే స్టేషన్ దగ్గర రూములో. పొద్దున్న పిల్లలు తాపీగా లేచి, స్నానం చేసి, ఇడ్లీ తిని వస్తే సగం పని అయిపోయినట్టే.

ఇద్దరు_పిల్లల_నాన్న (జేకేపూర్)

అన్న చెప్పినదానికి కొంచెం అడ్డం వస్తున్నాను. కొత్త చోట రూములో పిల్లలు రాత్రంతా నిద్రపోరు, ఆ నిద్రలేమి మర్నాడు బయటపడుతుంది. మేము అదే రోజు తెల్లవారుజామున బయల్దేరాం, రైల్లో బెర్తు మీద ఇద్దరూ పార్వతీపురం దాటేదాకా నిద్రే. రెండున్నరకి విమానం అంటే పొద్దుటి రైలు సరిపోవాలి.

కానీ వానాకాలం అయితే అన్న మాటే వినండి. మన వైపు కొండల్లో మట్టిపెళ్ళలు పడ్డాయంటే ఏ రైలు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. విమానం మనకోసం ఆగదు.

కౌంటర్_తమ్ముడు (కాశీనగర్)

అక్కా, నేను ఒకప్పుడు ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో పనిచేశాను. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఒక్కటి చెప్పండి. చిన్నపాపకి రెండేళ్ళు సరిగ్గా ఏ తారీఖున నిండుతాయి? తిరుగు ప్రయాణం ఏ తారీఖు?

మజ్జిగౌరి_కోడలు (రాయగడ)

22న నిండుతాయి తమ్ముడూ. వెళ్ళేది 18న, తిరిగి వచ్చేది 26న. పుట్టినరోజు కూడా అక్కడే చేద్దామనుకుంటున్నాం. ఎందుకు అడిగావు?

కౌంటర్_తమ్ముడు (కాశీనగర్)

అనుకున్నంతా అయింది. వయసు లెక్క టికెట్ తీసిన రోజుది కాదు, ఎక్కే రోజుది. 18న పాప ఒళ్ళో కూర్చుని వెళ్తుంది, ఇబ్బంది లేదు. 26 నాటికి రెండేళ్ళు దాటిపోతాయి కాబట్టి తిరుగు ప్రయాణంలో పాపకి సొంత సీటు కావాలి, దానికి టికెట్ ధర కూడా ఇంచుమించు పెద్దవాళ్ళదే. కౌంటర్‌లో జనన ధ్రువపత్రం చూడగానే పట్టుకుంటారు. అప్పటికప్పుడు కొనాలంటే ఆ రోజు ధర పెట్టాలి, సీట్లు లేకపోతే ఇంకా కష్టం.

బావగారిని ఇవాళే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయమనండి. విడిగా కొత్త టికెట్ కొనేయొద్దు. పాత బుకింగ్‌లోనే పాపకి సీటు కలపగలరా అని అడగమనండి. ఎందుకంటే 2024లో విమానాల నియంత్రణ సంస్థ డీజీసీఏ ఒక ఆదేశం ఇచ్చింది. 12 ఏళ్ళ లోపు పిల్లలకి అమ్మానాన్నల్లో లేదా వెంట ఉన్న పెద్దవాళ్ళలో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలని. కానీ అది ఒకే బుకింగ్ నంబరు, అంటే ఒకే పీఎన్‌ఆర్‌లో ఉన్నవాళ్ళకే. వేరే పీఎన్‌ఆర్ అయితే పాప సీటు ఎక్కడో పడొచ్చు, అప్పుడు కౌంటర్‌లో బతిమాలుకోవాలి.

మజ్జిగౌరి_కోడలు (రాయగడ)

అమ్మో! మంచిమాట చెప్పావు తమ్ముడూ. ఇప్పుడే ఆయనకి ఫోన్ చేశాను. "రెండేళ్ళంటే రెండేళ్ళే కదా, నాలుగు రోజులకేం" అంటున్నారు. ఈ చర్చ మొత్తం ఆయనకి పంపించాను. టికెట్ ఫొటో కూడా ఇక్కడ పెడుతున్నాను, ఇంకేమైనా తేడాలుంటే చూసి చెప్పండి.

[ఫొటో తొలగించబడింది]

నిర్వాహకులు

అమ్మా, మీ టికెట్ ఫొటో తీసేశాం. అందులో పీఎన్‌ఆర్, ఇంటిపేరు రెండూ కనిపిస్తున్నాయి. ఆ రెండూ తెలిస్తే ఎవరైనా మీ బుకింగ్ తెరిచి సీటు మార్చగలరు, కొన్నిసార్లు టికెట్ రద్దు కూడా చేయగలరు. బోర్డింగ్ పాస్ ఫొటోలు స్టేటస్‌లో పెట్టేవాళ్ళకి కూడా ఇదే మనవి.

గుణుపురం_మాస్టారు

కాగితాల విషయం నేను చెబుతాను, మా బడిలో ఈ గొడవలు రోజూ చూస్తుంటాను. పెద్దవాళ్ళకి ఆధార్ చాలు. ఒళ్ళో పిల్లకి వయసు రుజువు తప్పనిసరి, జనన ధ్రువపత్రం అన్నిటికంటే మేలు. పెద్దబాబుకి నీలం రంగు బాల ఆధార్ ఉంటే తీసుకెళ్ళండి. అయిదేళ్ళు దాటాక వేలిముద్రలు, కంటిపాప వేయించి దాన్ని అప్‌డేట్ చేయించాలి, మీవాడికి దగ్గర పడుతోంది కాబట్టి గుర్తుపెట్టుకోండి. అన్నిటికీ జిరాక్సులు ఒక కవర్లో, అసళ్ళు ఇంకో కవర్లో.

ఇప్పుడు మన సరిహద్దు జిల్లాల ప్రత్యేక తలనొప్పి. ఇక్కడి ఆఫీసుల్లో మన పేర్లు ఒడియా పలుకుబడిలో ఎక్కిస్తారు. వెంకట అన్నది ఇంగ్లీషు అక్షరాల్లో బెంకట అవుతుంది, వాసు బాసు అవుతాడు. ఆధార్‌లో ఒక రకం, జనన ధ్రువపత్రంలో ఇంకో రకం. పైగా మన ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట ఒక్క అక్షరంగా, ఒకచోట ముందు, ఒకచోట వెనక. చేతిలో ఏ కార్డు చూపించబోతున్నారో అందులో ఉన్నట్టే టికెట్ మీద పేరు ఉండాలి. ఒకటి రెండు అక్షరాల తేడాలు ముందుగా ఫోన్ చేస్తే సరిచేస్తారు. గేటు దగ్గర కాపలా ఉండే సీఐఎస్‌ఎఫ్ జవానుకి "మా ఒడిశాలో వకారం ఉండదు సార్" అని పాఠం చెప్పేకంటే అదే సుఖం.

ఒంటరి_బాటసారి (ఛత్రపురం)

నాకు అర్థం కానిది ఒకటుంది. రెండేళ్ళ పిల్లలకి విమానం ఎందుకండీ? వాళ్ళకి గుర్తుండదు, పక్కనున్నవాళ్ళకి మాత్రం జన్మంతా గుర్తుంటుంది. మొన్న నా వెనక సీట్లో ఒక బాబు నా సీటుని ఫుట్‌బాల్ అనుకున్నాడు. రైల్లో వెళ్ళొచ్చుగా?

ఇద్దరు_పిల్లల_నాన్న (జేకేపూర్)

బాటసారి గారూ, రైలు టికెట్ మీరు ఇప్పించండి, వదిన గారు రైల్లోనే వెళ్తారు. ఆవిడ మొదటి పోస్టులోనే రాశారు, వెయిటింగ్ లిస్టు అని.

అయినా మీరన్నదాంట్లో ఒక విషయం ఉంది. సీటు తన్నడం ఎక్కువగా చేసేది మూడు నుంచి అయిదేళ్ళ పిల్లలే, వాళ్ళ కాళ్ళు సరిగ్గా ముందు సీటు వీపుకి తగిలే పొడవుంటాయి. ఎక్కగానే చెప్పులు తీసేయండి. ఉత్తకాళ్ళతో తంతే తన్నినట్టుండదు. అప్పటికీ తంతుంటే కాళ్ళు మడిచి బాసింపట్టు వేయించి కూర్చోబెట్టొచ్చు.

ఒంటరి_బాటసారి (ఛత్రపురం)

చెప్పులు తీసే సలహా బాగుంది. ఇది ముందే ఎవరైనా ఆ బాబు వాళ్ళమ్మకి చెప్పి ఉంటే బాగుండేది.

పర్లాకిమిడి_అన్న

చెవుల గురించి ఎవరూ చెప్పలేదు. ఎక్కేటప్పుడు ఇద్దరి నోట్లో చెరో చాక్లెట్ బిళ్ళ పెట్టేయండి, చప్పరిస్తూ ఉంటారు. చిన్నదానికి బయల్దేరే ముందు కొంచెం జలుబు సిరప్ పోస్తే హాయిగా నిద్రపోతుంది. మావాళ్ళు చాలామంది అలాగే చేస్తారు.

నర్స్_పిన్ని (బరంపురం)

అన్నగారూ, కోప్పడకండి, ఆ రెండూ వద్దు.

ముందు సిరప్ సంగతి. నిద్ర కోసం జలుబు మందు పోయడం ప్రమాదం. క్లోర్‌ఫెనిరమైన్, ఫెనైలెఫ్రిన్ కలిపిన జలుబు మందుల్ని నాలుగేళ్ళ లోపు పిల్లలకి వాడకూడదని సీసా మీద రాయాలని 2023లోనే మన దేశ మందుల నియంత్రణ సంస్థ చెప్పింది. కొంతమంది పిల్లలకి అవి మత్తు ఇవ్వకపోగా తిరగబెడతాయి కూడా, రెట్టింపు అల్లరి చేస్తారు. గాల్లో ఏమైనా అయితే డాక్టరు ఉండడు.

ఇక చాక్లెట్ బిళ్ళ. గట్టి బిళ్ళలు, పల్లీలు, బబుల్‌గమ్ ఈ వయసు పిల్లల గొంతులో అడ్డం పడతాయి. విమానం కుదుపుకి ఇంకా. పెద్దవాడికి కూడా గట్టి బిళ్ళ వద్దనే నేను చెబుతాను.

చెవి ఎందుకు నొప్పి పెడుతుందంటే, ముక్కు వెనక నుంచి చెవి లోపలికి ఒక సన్నని గొట్టం ఉంటుంది. విమానం లోపల గాలి ఒత్తిడి మారినప్పుడు ఆ గొట్టం తెరుచుకుని సర్దుకోవాలి. పిల్లల్లో అది సన్నగా ఉంటుంది, త్వరగా తెరుచుకోదు. మింగినప్పుడల్లా తెరుచుకుంటుంది. అందుకే మింగిస్తూ ఉండాలి. చిన్నదానికి పాలు ఇస్తుంటే పాలే ఇవ్వు అమ్మా, లేకపోతే సిప్పర్‌లో నీళ్ళు. పెద్దవాడికి స్ట్రా పెట్టిన డబ్బా.

చాలామంది పైకి లేచేటప్పుడే పాలన్నీ పట్టేస్తారు. నిజానికి ఎక్కువ ఇబ్బంది దిగేటప్పుడు. హైదరాబాద్ లాంటి గంట ప్రయాణంలో చక్రాలు నేల తాకడానికి దాదాపు అరగంట ముందే దిగడం మొదలవుతుంది. అప్పటికి సగం పాలు మిగిలి ఉండాలి. నిద్రపోతున్న పిల్లల్ని ఆ సమయానికి మెల్లగా లేపాలి, నిద్రలో మింగడం తగ్గిపోతుంది కదా.

బయల్దేరే ముందు జలుబు గట్టిగా ఉన్నా, చెవిలో చీము ఉన్నా మీ డాక్టరుకి చూపించకుండా ఎక్కొద్దు.

పర్లాకిమిడి_అన్న

పిన్నీ, నర్సమ్మ చెప్పాక ఇంక నేనేం మాట్లాడతాను. సిరప్ మాట వెనక్కి తీసుకున్నాను. చాక్లెట్ నేను తినేస్తాను.

మజ్జిగౌరి_కోడలు (రాయగడ)

పిన్నిగారూ, మీకు దండం. పాపకి వారం నుంచి కొంచెం ముక్కు కారుతోంది, రేపే చూపిస్తాను.

ఆయన ఫోన్ చేశారు, పాపకి తిరుగు టికెట్ సీటుతో మార్పించారు, అదే బుకింగ్‌లో కలిపారట. డబ్బులు తేడా కట్టారు. తమ్ముడికి మా ఇంటిల్లిపాదీ థాంక్స్.

ఇంకో సంగతి. గృహప్రవేశానికి మజ్జిగౌరమ్మ ప్రసాదం, కుంకుమ, రెండు కొబ్బరికాయలు, కర్పూరం, అగ్గిపెట్టె, మా అత్తయ్య పెట్టిన మాగాయ తీసుకెళ్తున్నాం. పిల్లల మురీలు (మరమరాలు), చేగోడీలు వేరే. ఏవి ఎందులో పెట్టాలి?

కౌంటర్_తమ్ముడు (కాశీనగర్)

అక్కా, మీ పూజ సామాను సగం హైదరాబాద్‌లోనే కొనుక్కోవాలి.

కర్పూరం, అగ్గిపెట్టె ఎందులోనూ కుదరవు, పెద్ద బ్యాగులో దాచినా స్కానర్‌లో పడితే పిలిపించి తీయిస్తారు. కొబ్బరికాయ కూడా మామూలుగా చేతి సంచిలో రానివ్వరు. శబరిమల భక్తుల కోసం 2024లో కొన్నాళ్ళు మినహాయింపు ఇచ్చారు, అది ఇరుముడి వరకే. ఎండుకొబ్బరి అసలు తేవద్దు, నూనె సరుకు కదా, త్వరగా అంటుకుంటుందని నిషేధం. మాగాయ చేతి సంచిలో వద్దు. రెండు కవర్లు చుట్టి, డబ్బాకి టేపు వేసి కౌంటర్‌లో ఇచ్చే పెద్ద బ్యాగులో పెట్టండి. లేకపోతే మీ చీరలన్నీ మాగాయ వాసనే. ప్రసాదం, కుంకుమ, మురీలు, చేగోడీలు ఎందులోనైనా పర్వాలేదు.

ఫోన్ పవర్ బ్యాంకు మాత్రం దీనికి వ్యతిరేకం. అది పెద్ద బ్యాగులో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి.

బరువు మామూలు టికెట్‌కి మనిషికి పెద్ద బ్యాగు 15 కిలోలు, చేతి సంచి 7 కిలోలు. ఒళ్ళో పిల్లకి విడిగా బ్యాగు బరువు సాధారణంగా ఉండదు, మీ టికెట్‌లో చూసుకోండి. పాపకి పాలు, ఉగ్గు, వేడినీళ్ళ ఫ్లాస్కు సెక్యూరిటీ దగ్గర చూపించి "బిడ్డకి" అని చెప్పండి. కౌంటర్ విమానం టైముకి గంట ముందే మూసేస్తారు. గేటు కూడా దాదాపు 25 నిమిషాల ముందే మూసేస్తారు. పిల్లలతో రెండున్నర గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉంటే హడావుడి ఉండదు.

ఇద్దరు_పిల్లల_నాన్న (జేకేపూర్)

తమ్ముడు ఒకటి వదిలేశాడు. బొమ్మ తుపాకులు! మావాడు రథయాత్ర తీర్థంలో కొన్న ప్లాస్టిక్ తుపాకీని తన చిన్న సంచిలో దాచుకొచ్చాడు, మాకు తెలీదు. స్కానర్ మీద అచ్చం తుపాకీలా కనపడింది. జవాను నవ్వుతూనే పక్కన పెట్టాడు, కానీ లోపలికి పంపలేదు. వాడు ఆ బెల్టు పక్కనే నేల మీద పడి దొర్లాడు. వెనక క్యూ మొత్తం ఆగిపోయింది. ఆఖరికి ఆ జవానే వాడిని లేపి, వాడి నెత్తి మీద తన టోపీ పెట్టాడు, అప్పుడు ఆగాడు.

ముందురోజు రాత్రి పిల్లల సంచులు వాళ్ళు పడుకున్నాక మీరు తిరగేయండి. కత్తెర, రంగుల డబ్బాలో బ్లేడు ఉన్న షార్పనర్, ఏదైనా ఉండొచ్చు.

గుణుపురం_మాస్టారు

చిన్నపాప కాళ్ళకి వెండి పట్టీలు, మొలతాడుకి వెండి బిళ్ళ ఉంటాయి కదా, అవి డోరు దాటేటప్పుడు కూస్తాయి. కూస్తే భయం లేదు, చేతిలో పట్టుకునే యంత్రంతో చూసి పంపేస్తారు. ఆడవాళ్ళకి తెర వెనక ఆడ జవాన్లే చూస్తారు. పాపని ఎత్తుకునే వెళ్ళొచ్చు, చీరతో గానీ జోలె సంచితో గానీ కట్టుకుని ఉంటే విప్పమంటారు.

మజ్జిగౌరి_కోడలు (రాయగడ)

ఇప్పుడు అసలు సమస్య మా అత్తయ్య. 2025 జూన్‌లో అహ్మదాబాద్ విమానం వార్త టీవీలో చూసినప్పటి నుంచి విమానం మాట ఎత్తితే చాలు చెంపలు వేసుకుంటోంది. పిల్లల ముందు "మళ్ళీ ఇల్లు చూస్తామో లేదో" అంటోంది. నిన్న రాత్రి పెద్దవాడు నన్ను అడిగాడు, "అమ్మా, విమానం పడిపోతుందా?" అని. ఏం చెప్పాలో తోచలేదు.

గుణుపురం_మాస్టారు

అమ్మా, పెద్దవాళ్ళ భయం పిల్లలకి అంటుకుంటుంది, అది జలుబు కంటే వేగం. అత్తగారికీ, బాబుకీ కలిపి ఒకేసారి చెప్పండి, ఏ చప్పుడు ఎప్పుడు వస్తుందో. భయం చాలావరకు తెలియని చప్పుళ్ళదే.

తలుపులు మూశాక రెక్కల దగ్గర జుయ్‌మని మర శబ్దం వస్తుంది. రెక్కల వెనక పలకలు కిందికి దిగుతున్నాయి, నెమ్మదిగా ఎగరడానికి అవి కావాలి. తర్వాత వేగంగా పరుగు, వీపు సీటుకి అతుక్కుంటుంది. నేల వదిలిన కాసేపటికి కాళ్ళ కింద ధన్‌మని చప్పుడు. అది చక్రాలు లోపలికి ముడుచుకోవడం. ఆ తర్వాత ఇంజన్ మోత ఒక్కసారిగా తగ్గినట్టుంటుంది, చాలామందికి అప్పుడే గుండె జారుతుంది, ఇంజన్ ఆగిపోయిందనుకుంటారు. ఆగలేదు, ఎక్కడానికి కావలసినంత బలం చాలని తగ్గించారు. మధ్యమధ్యలో టింగ్ టింగ్ అని గంట, అది సిబ్బంది పిలుపు. దిగాక నేల మీద పెద్ద గర్జన, అది వేగం తగ్గించడానికి ఇంజన్ గాలిని ఎదురు తిప్పడం.

బాబుకి ఇవన్నీ వరసగా చెప్పి, "ఏ చప్పుడు వచ్చిందో నువ్వు నానమ్మకి చెప్పాలి" అని పని అప్పజెప్పండి. పడిపోతుందా అని మళ్ళీ అడిగితే, నడిపేవాళ్ళు ఇద్దరుంటారు, రోజూ అదే పని చేస్తారు అని చెప్పండి. ఇంతకు మించి చెప్పబోతే ఇంకో పది ప్రశ్నలొస్తాయి.

నర్స్_పిన్ని (బరంపురం)

అత్తగారికి మోకాళ్ళ నొప్పులు గానీ, బీపీ గానీ ఉంటే చక్రాల కుర్చీ అడుగు, మొహమాటపడకు. ముందుగా ఫోన్‌లో చెబితే టికెట్ మీద రాసుకుంటారు. శంషాబాద్‌లో చాలా దూరం నడవాలి, ఒక చేత్తో పాపని, ఇంకో చేత్తో బాబుని పట్టుకుని ఆవిడ వెంట నువ్వు నడవలేవు. ఎస్కలేటర్ దగ్గర ఆవిడ బెదిరితే లిఫ్టు ఎక్కండి. పిల్లలకి రబ్బరు చెప్పులు వేయొద్దు, ఎస్కలేటర్ పళ్ళల్లో ఇరుక్కుంటాయి. మందులు పెద్ద బ్యాగులో పెట్టకండి.

జయపురం_కుర్రాడు

అక్కలందరికీ నమస్తే. మా జయపురం నుంచి 2022లో 9 సీట్ల చిన్న విమానం మొదలైంది, భువనేశ్వర్‌కి, వైజాగ్‌కి. మా అక్క వాళ్ళు పిల్లల్ని దాంట్లో తీసుకెళ్ళారు. ఒకటే ఇంజను, ముందు పంకా. కొండల మీద తక్కువ ఎత్తులో వెళ్తుంది కాబట్టి కిందవన్నీ బాగా కనపడతాయి, పిల్లలకి పండగే. కానీ లోపల బాత్రూం ఉండదు, సామాను తక్కువ తీసుకెళ్ళాలి. ఏ రోజు నడుస్తుందో ఏ రోజు నడవదో ముందే కనుక్కుని బయల్దేరాలి. కొరాపుట్, నవరంగపూర్ వైపు వాళ్ళకి పనికొస్తుందని చెప్పాను.

కౌంటర్_తమ్ముడు (కాశీనగర్)

రైల్లో వచ్చేవాళ్ళకి ఇంకో చిట్కా. మీ రైలు సింహాచలం స్టేషన్‌లో ఆగేదైతే వైజాగ్ దాకా వెళ్ళక్కర్లేదు. గోపాలపట్నం పక్కనే, ఎయిర్‌పోర్టు అక్కడికి దగ్గర. వైజాగ్ వెళ్ళి మళ్ళీ ఊరంతా వెనక్కి రావడం పిల్లలతో అనవసరం. అన్ని రైళ్ళూ ఆగవు, చూసుకోండి.

వైజాగ్ ఎయిర్‌పోర్టు నేవీది, ఐఎన్‌ఎస్ డేగా అంటారు. కాబట్టి మెట్లెక్కేటప్పుడు, రన్‌వే పక్కన పిల్లల్ని నిలబెట్టి ఫొటోలు తీయకండి. ఫొటోలన్నీ బయటే తీసుకోండి. భోగాపురం వైపు కొత్త ఎయిర్‌పోర్టు వస్తోంది కాబట్టి ఇకముందు టికెట్ తీసేవాళ్ళు విమానం ఏ ఎయిర్‌పోర్టు నుంచో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. పర్లాకిమిడి, గుణుపురం వాళ్ళకి అది బాగా దగ్గర.

పర్లాకిమిడి_అన్న

భోగాపురం అయితే మేము పొద్దున్న చద్దన్నం తిని బయల్దేరొచ్చు.

మజ్జిగౌరి_కోడలు (రాయగడ)

వెళ్ళాం, వచ్చాం. ఇక్కడ అడిగినందుకు వివరం రాయాలి కదా.

ముందురోజే వైజాగ్ వెళ్ళాం, మా పెదనాన్న గారింట్లో పడుకున్నాం. డాక్టరు పాప చెవులు చూసి పర్వాలేదన్నారు. ఎయిర్‌పోర్టులో విమానం గంటకి పైగా ఆలస్యం. అన్నిటికంటే కష్టం అదే. తెచ్చిన మురీలు అక్కడే అయిపోయాయి, చేగోడీలు పక్క సీటు వాళ్ళ పిల్లలు కూడా తిన్నారు. పెద్దవాడు అద్దం దగ్గర ముక్కు ఆనించి, వచ్చే ప్రతి విమానాన్ని "ఇదేనా మనది?" అని అడిగాడు. సీట్లు రెక్క పక్కన వచ్చాయి, కిటికీలోంచి సగం రెక్కే. కిటికీ కావాలని ఏడ్చిన వాడికి రెక్క చివర చిన్న దీపం కనపడింది, దాంతో సర్దుకున్నాడు.

పాపకి నా బెల్టుకి తగిలించే చిన్న బెల్టు ఇచ్చారు. అది పెట్టుకోనని వీపు విల్లులా వంచేసింది. ఎయిర్‌హోస్టెస్ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, ఆ బెల్టు కొసతో దాని చేతి మీద తడుతూ టక్‌మనిపించి పెట్టేసింది, మాకు చేతకాని పని. దిగేటప్పుడు పాలు మిగిల్చాను పిన్నిగారూ, తాగుతూనే ఉంది, ఒక్కసారి కూడా చెవి పట్టుకోలేదు. పెద్దవాడు మాత్రం స్ట్రా నమిలి నమిలి చదును చేసేసి నీళ్ళు రావట్లేదని గొడవ. కాసేపు చెవి నొప్పని ఏడ్చాడు, నేల మీదికొచ్చాక ఆవులించాడు, పోయింది.

అత్తయ్య పైకి లేచేటప్పుడు కళ్ళు మూసుకుని గౌరమ్మని తలుచుకుంటూనే ఉంది. చక్రాల చప్పుడు రాగానే వీడు "నానమ్మా, కాళ్ళు ముడుచుకుంది" అని అరిచాడు, ముందు వరసల వాళ్ళంతా తిరిగి చూశారు. తిరుగు ప్రయాణంలో కిటికీ సీటు ఆవిడే తీసుకుంది, వాడికివ్వలేదు. పాపకి డబ్బులు పెట్టి సీటు కొన్నామా, అది మొత్తం ప్రయాణం నా ఒళ్ళోనే. బెల్టు దీపం వెలిగినప్పుడు మాత్రం దాని సీట్లో కూర్చోబెట్టాల్సిందే అన్నారు, ఆ పది నిమిషాలూ ఏడుపు.

ఒంటరి_బాటసారి (ఛత్రపురం)

ముందు సీటు వాళ్ళ సంగతేమిటి?

మజ్జిగౌరి_కోడలు (రాయగడ)

చెప్పులు తీసేశానండి. అడిగి మరీ తీసేశాను.

గోపాల్‌పూర్_అలలు (బరంపురం)

ఈ చర్చ చదివాక ధైర్యం వచ్చి అడుగుతున్నాను. మాకు కవలలు, తొమ్మిదో నెల. ఆయన బెంగళూరులో. నేను ఒక్కదాన్నే ఇద్దరినీ తీసుకుని భువనేశ్వర్ నుంచి వెళ్ళాలనుకుంటున్నాను. బరంపురం నుంచి రైల్లో రెండున్నర, మూడు గంటలు, స్టేషన్ నుంచి ఎయిర్‌పోర్టు దగ్గరే కాబట్టి ఆ భాగం ఫర్వాలేదు. ఇద్దరినీ ఒళ్ళో పెట్టుకుంటే కుదురుతుందా?

కౌంటర్_తమ్ముడు (కాశీనగర్)

కుదరదు వదినా. ఒక పెద్దమనిషికి ఒళ్ళో ఒక్క పాపే. టికెట్ తీసేటప్పుడు వెబ్‌సైటే ఆపేస్తుంది. అమ్మగారో, తమ్ముడో ఎవరో ఒకరు తోడు రావాలి.

వచ్చినా ఇద్దరూ ఒకే వరసలో పక్కపక్కన చంటిపిల్లల్ని పెట్టుకుని కూర్చోవడం కుదరకపోవచ్చు. మూడు సీట్లకి పైన ఆక్సిజన్ మాస్కులు నాలుగే ఉంటాయి, ఒక అదనపు చంటిపిల్లకే లెక్క. నడవకి అటొకరు, ఇటొకరు కూర్చుంటే సరి. సీట్లు ఎంచుకునేటప్పుడు ఆ రెండు నడవ సీట్లూ అడగండి, చేతులు మారడానికి కూడా వీలుంటుంది.

నర్స్_పిన్ని (బరంపురం)

ఇద్దరికీ ఒకేసారి పాలు పట్టలేవమ్మా, దిగేటప్పుడు ఇద్దరికీ ఒకేసారే కావాలి. తోడు వచ్చేవాళ్ళకి సీసాతో పట్టడం ఇప్పటి నుంచే అలవాటు చెయ్యి. పిల్లలు కూడా ఆ చేతికి అలవాటు పడాలి.

గోపాల్‌పూర్_అలలు (బరంపురం)

సరే పిన్నీ. మా అమ్మని అడుగుతాను. ఆవిడ బరంపురం దాటి కటక్ కూడా వెళ్ళలేదు. ముందు మాస్టారు గారి చప్పుళ్ళ పోస్టు చదివి వినిపిస్తాను, ఒప్పుకుంటే టికెట్లు తీస్తాను.